చరిత్ర పత్రికలు - గ్రంథాలయం - రచయిత

మన రచయితల్లో చరిత్ర గ్రంథాలు చదివేవారు కొందరున్నారు. చరిత్ర పత్రికలు చదివేవారిని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఇందుకు శ్రద్ధ లేకపోవడం ఒక్కటే కారణం కాదు. గ్రంథాన్ని కొనుక్కోవచ్చు, మిత్రుడి దగ్గర ఎరువు తెచ్చుకోవచ్చు. 1926 నాటి త్రైమాసిక సంచికను ఎవరు అమ్ముతారు, ఎవరు ఎరువిస్తారు? అది ఉంటే గింటే ఏ పౌర గ్రంథాలయంలోనో, బైండు చేసిన సంపుటిగా, వెనక గదిలో బీరువాలో ఉంటుంది. అక్కడికి వెళ్ళి, చీటీ రాసిచ్చి, తెప్పించుకుని, ఆ బల్ల దగ్గరే కూర్చుని చదవాలి. ఇంటికి ఇవ్వరు. కనక రచయితకు చరిత్ర పత్రికలు అందుతున్నాయా లేదా అనే ప్రశ్న, చివరికి మన ఊళ్ళో గ్రంథాలయం ఎలా ఉందనే ప్రశ్నగా తేలుతుంది.

పుస్తకాలుండగా పత్రికలెందుకు అని అడిగేవారుంటారు. పుస్తకంలోకి ఎక్కేసరికి చరిత్ర తేలిపోయిన విషయంలా కనబడుతుంది. సంవత్సరాలు స్థిరపడిపోయి ఉంటాయి, వాదాలు అధోజ్ఞాపికల్లోకి దిగిపోయి ఉంటాయి. పత్రికలో అలా కాదు. ఒక శాసనపాఠం ఒక సంచికలో అచ్చవుతుంది. ఆ పాఠంలో ఫలానా పంక్తిని సరిగా చదవలేదని ఇంకొకరు తరవాతి సంచికలో రాస్తారు. మొదటాయన జవాబిస్తాడు. ఒక్కొక్కసారి కోప్పడతాడు కూడా. ఈ తగవులో కులాభిమానం ఎంత, ప్రాంతాభిమానం ఎంత, రాజుగారి ఆశ్రయం ఎంత అన్నది చదువరికి బయటపడిపోతుంది. చరిత్ర అనేది ఎవరో కూర్చుని, ఏదో ప్రయోజనం కోసం, ఏవో ఆధారాలతో రాసినదన్న ఎరుక సాహిత్య విద్యార్థికి పాఠ్యగ్రంథం వల్ల కలగదు. పాత సంచికల దొంతర తిరగేస్తే పదిరోజుల్లో కలుగుతుంది.

దీన్ని గాలిలో చర్చించడం కన్నా ఒక చోటు తీసుకుని చూద్దాం. శంషాబాదు. ఇవాళ ఆ పేరు చెబితే అందరికీ విమానాశ్రయమే తోస్తుంది. 2008 మార్చిలో బేగంపేటనుంచి విమానాలు అక్కడికి మారాయి. దానికోసం తీసుకున్న భూమి దాదాపు 5,500 ఎకరాలు. అంతకుముందు అక్కడ పొలాలున్నాయి, ద్రాక్షతోటలున్నాయి, చెరువులున్నాయి, కౌలుదార్లున్నారు, కూలివాళ్ళున్నారు. ఆ నేలమీద పుట్టిన ఒక యువ రచయిత విమానాశ్రయానికి ముందరి తన ఊరి గురించి నవల రాయదలచాడనుకుందాం. తాతలు చెప్పింది కొంత ఉంటుంది. అది చాలదు. భూమి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో తెలియాలి. తెలుసుకోవడానికి ఏం చదవాలి, ఎక్కడ చదవాలి?

మొదటి చిక్కు పేరులోనే ఉంది. శంషాబాదు పేరును పైగా అమీర్లకున్న షంస్-ఉల్-ఉమరా బిరుదుతో ముడిపెట్టి చెబుతారు. షంస్ అంటే సూర్యుడు, అమీర్లలో సూర్యుడన్నమాట. పైగాలు నిజాముకు సైన్యాన్ని పోషించి పెట్టేవారు, ప్రతిఫలంగా పెద్ద పెద్ద జాగీర్లు పొందారు. ఇక హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న జిల్లాకు నిజాం పాలనలో ఉన్న పేరు అత్రాఫ్-ఎ-బల్దా. అంటే పట్నం చుట్టుపక్కల అని అర్థం. అది ప్రధానంగా సర్ఫెఖాస్, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన ఇలాకా. 1949లో సర్ఫెఖాసును దివానీలో కలిపారు, ఆ ఏడాదే జాగీర్లూ రద్దయ్యాయి. అత్రాఫ్-ఎ-బల్దా హైదరాబాదు జిల్లాలో కలిసిపోయింది. 1978లో మళ్ళీ విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు. ఇప్పుడు ఆటోవాళ్ళూ, ప్లాట్లు అమ్మేవాళ్ళూ అంతా దాన్ని 'ఎయిర్‌పోర్టు ఏరియా' అంటున్నారు. పేరు మూడుసార్లు మారినా అర్థంలో ఒక సంగతి మారలేదు. ఆ ఊళ్ళను వాటంతట వాటిగా ఎవరూ పిలవలేదు. పట్నానికి చుట్టుపక్కలగానో, అమీరు వైభవానికి గుర్తుగానో, విమానం దిగే చోటుగానో పిలిచారు. చరిత్ర రచన కూడా ఆ ప్రాంతాన్ని ఇలాగే చూసింది. 1591లో నగరం కట్టిన కుతుబ్‌షాహీల గురించి రాసిన దాంట్లో, ఆ నగరానికి ధాన్యం పంపిన చుట్టుపక్కల ఊళ్ళకు దక్కిన చోటు ఎంత?

ఆ యువకుడు బస్సెక్కి అఫ్జల్‌గంజ్ వెళ్ళవలసిందే. మూసీ ఒడ్డున, ఉస్మానియా ఆసుపత్రి పక్కన ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలయింది. సయ్యద్ హుసేన్ బిల్గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి విద్యావంతుల పూనికతో ఏర్పడింది. ఇప్పటి భవనంలోకి వచ్చింది 1936లో. 1955లో హైదరాబాదు పౌర గ్రంథాలయాల చట్టం కింద రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమయింది. నిజాం ప్రభువు కట్టించినదే అయినా జనం పన్నులతో లేచిన గోడలవి. అందులోకి నడిచి వెళ్ళేటప్పుడు సామాన్య పాఠకుడు సంకోచించవలసిన పనిలేదు.

కాని తెలుగువాడు హైదరాబాదులో చరిత్ర చదువుకోవడం ఆ భవనంతో మొదలుకాలేదు. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఆరంభమయింది. దానికి ప్రాణం పోసినవారిలో కొమర్రాజు లక్ష్మణరావు ఒకరు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. ఈ పేర్లను గమనించండి. కృష్ణదేవరాయలు, రాజరాజనరేంద్రుడు. పాలకుల భాష ఉర్దూ అయినచోట, బడిలో తెలుగుకు చోటు దొరకనిచోట, తెలుగు చదువరి ఒక గది అద్దెకు తీసుకుని దానికి చరిత్రలోంచి ఒక తెలుగు రాజు పేరు పెట్టుకున్నాడు. ఇందులో రాచరికం మీది మోజు ఉంది, కాదనలేం. అయితే ఆ మోజు వెనక ఒక పీడిత జాతి ఆత్మగౌరవమూ ఉంది. ఈ రెండూ కలగలిసి ఉండటమే మన చరిత్ర పత్రికల తొలి తరం స్వభావం. ఒకదాన్ని చూసి రెండోదాన్ని మరిచే విమర్శకుడు సగమే చదివినట్టు.

1906లో విజ్ఞానచంద్రికా మండలి హైదరాబాదులోనే పుట్టింది. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం పెట్టుకున్న పనుల్లో గ్రంథాలయాలు స్థాపించడంతోపాటు శాసనాలు, తాళపత్రాలు సేకరించడం కూడా ఉంది. లక్ష్మణరావు 1923లో చనిపోయాక ఆయన పేర లక్ష్మణరాయ పరిశోధక మండలి నడిచింది. ఆదిరాజు వీరభద్రరావు దానికి ఎంతో శ్రమించారు. 1922లో నల్లగొండనుంచి నీలగిరి, ఇనుగుర్తినుంచి తెనుగు పత్రికలు వచ్చాయి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక, 1927లో సుజాత. ఇవేవీ పేరుకు చరిత్ర పత్రికలు కావు. కాని సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 కింద సర్కారు అనుమతి కావలసిన రాజ్యంలో, వర్తమానం గురించి సూటిగా రాయలేని చోట, పాత శాసనం గురించి రాసిన వ్యాసమే వర్తమానం గురించి మాట్లాడేది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మినది ఈ వాతావరణంలోనే. 1955లో 'ప్రజల మనిషి' నవల రాసిన ఆయన చేతిలో గ్రంథాలయోద్యమమూ, జైలు జీవితమూ, నవలా రచనా వేరువేరు పనులుగా లేవు.

కోస్తాలో పని మరో రకంగా సాగింది. రాజమండ్రిలో 1922లో ఏర్పడిన ఆంధ్ర ఇతిహాస పరిశోధక మండలి 1926నుంచి ఇంగ్లీషులో త్రైమాసిక పత్రిక నడిపింది. తెలుగులో కాకతీయ సంచిక వంటి ప్రత్యేక సంపుటాలు వేసింది. మారేమండ రామారావు సంపాదకత్వంలో కాకతీయ సంచిక 1935లో వెలువడింది. అదే ఏడాది హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి 'తెలంగాణా శాసనములు' మొదటి సంపుటం ప్రకటించింది. మద్రాసునుంచి కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో ప్రారంభించిన భారతి 1991దాకా బతికింది. మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారి చారిత్రక వ్యాసాలు కవితల పక్కన, కథల పక్కన అచ్చయిన పత్రిక అది. ఆనాటి కథకుడు తన కథ కోసం సంచిక తెరిచి, పక్కపేజీలో రెడ్డిరాజుల పన్నుల వ్యవస్థ చూసేవాడు. ఇప్పటి మన సాహిత్య పత్రికల్లో ఆ పక్కపేజీ లేదు. ఇది ఎంత పెద్ద లోటో మనం సరిగా ఆలోచించలేదని నా అనుమానం.

ఇక ఈ పత్రికలను ఎలా చదవాలి అన్నది అసలు సంగతి. అందులో నూటికి తొంభై వ్యాసాలు రాజవంశాల గురించే. ఎవరి కొడుకు ఎవరు, ఏ శకంలో ఏ తిథినాడు పట్టాభిషేకం జరిగింది, ఏ యుద్ధంలో ఎవరు గెలిచారు. ప్రజల పక్షాన నిలబడ్డ పాఠకుడు విసుగెత్తి మూసేస్తాడు. మూసేయకూడదు. వ్యాసకర్త వాడుకున్నది ఒకటి, అచ్చువేసినది మరొకటి. శాసనంలో మొదటి నాలుగు పంక్తులు రాజు బిరుదులు. వ్యాసకర్త వాటితోనే పది పేజీలు నింపుతాడు. కాని పాఠం మొత్తం కింద ఇచ్చి ఉంటుంది. ఆ మిగతా పంక్తుల్లో ఏ చెరువు కింద ఎంత నేల దానమిచ్చారో, ఎల్లలో ఏ పుట్ట, ఏ చింతచెట్టు, ఏ వాగు ఉన్నాయో, ఏ సరుకు మీద ఎంత సుంకమో, తెలికివారు ఏమివ్వాలో, సాలెవారు ఏమివ్వాలో, గుడిలో ఆడే స్త్రీలెందరో రాసి ఉంటుంది. కాకతీయ కాలంలో చెరువు తవ్వించినవాడికి, బాగుచేయించినవాడికి ఇచ్చే దశబంధ మాన్యం సంగతి అలాంటి పంక్తుల్లోదే. రాజును వెతికినవాడికి రాజు దొరికాడు. మనం చెరువును వెతికితే చెరువు దొరుకుతుంది. అచ్చుకాగితం ఒకటే.

ఇలా చదివినవాళ్ళు లేకపోలేదు. వృత్తిరీత్యా గణితశాస్త్రవేత్త అయిన డి. డి. కోశాంబి పాత నాణేల తూకాల మీద, కులాల పుట్టుక మీద తన వ్యాసాలను ముందు పరిశోధక పత్రికల్లోనే ప్రకటించాడు. 1956లో భారత చరిత్ర అధ్యయనానికి పీఠిక రాసేనాటికి ఆ వాదాలు పత్రికల్లో దెబ్బలు తిని గట్టిపడి ఉన్నాయి. మన భాషలో సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' సాహిత్య విద్యార్థులు తప్పకుండా పరిశీలించవలసిన నమూనా. ప్రబంధాలను, శతకాలను, చాటువులను ఆయన అలంకారాల కోసం చదవలేదు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ జూదంలో నష్టపోయారు అని అడుగుతూ చదివారు. ఇరవయ్యేళ్ళకు పైగా పత్రిక నడిపిన మనిషికే ఆ ప్రశ్నలు అంత సహజంగా వస్తాయి. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఒక కావ్యానికో నవలకో కాక ఈ గ్రంథానికి వచ్చింది.

పత్రికలో పడిన చరిత్ర నేరుగా రాజకీయ చర్చలోకి వచ్చిన సందర్భమూ ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణా సాయుధ పోరాట చరిత్ర పుస్తకంగా 1972లో వచ్చింది. 1973లో అదే చరిత్ర 'సోషల్ సైంటిస్ట్' పత్రికలో భాగాలుగా వెలువడింది. తెలుగు తెలియని పరిశోధకులు ఆ పోరాటాన్ని చర్చకు తీసుకోవడానికి ఆ సంచికలు ఆధారమయ్యాయి. ఒక గ్రంథాలయం అలాంటి పత్రికకు చందా కట్టిందా లేదా అన్నది ఇక్కడ చిన్న సంగతి కాదు. చందా మానేసిన ఏడాది సంపుటం తరవాత ఎంత డబ్బు పెట్టినా దొరకదు.

శంషాబాదు రచయితకు మరింత దగ్గరగా వచ్చేది బి. ఎన్. శాస్త్రి నడిపిన మూసీ పత్రిక. ఆయన ఊరూరా తిరిగి శాసనాలు చూసి, నకళ్ళు తీసి, జిల్లా సర్వస్వాలు, శాసన సంపుటులు ప్రచురించిన మనిషి. విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆయన నిర్ణయాలన్నీ ఒప్పుకోరు. కొన్నిచోట్ల తొందరపాటు నాకూ కనిపిస్తుంది. అయినా రాజధాని పీఠాలు పట్టించుకోని ఊళ్ళ పేర్లు ఆయన పుటల్లో అచ్చయినాయి. మూసీ లోయ సంగతే చూడండి. హైదరాబాదు చరిత్ర చార్మినారుతో మొదలవుతుందని పిల్లలకు చెబుతాం. అదే మూసీ ఒడ్డున, చైతన్యపురి దగ్గర బండమీద, విష్ణుకుండినుల కాలపు ప్రాకృత శాసనం బ్రాహ్మీ లిపిలో ఉంది. అందులో గోవిందరాజ విహారం ప్రసక్తి ఉంది. నగరానికి వెయ్యేళ్ళకు పైగా ముందు అక్కడ బౌద్ధ విహారం, భిక్షువులు, వాళ్ళను పోషించిన గ్రామాలు ఉన్నాయన్నమాట. శంషాబాదు దగ్గర అమ్మపల్లి సీతారామాలయం గోపురం తెలుగు సినిమాల్లో ఎన్నిసార్లు కనబడిందో లెక్కలేదు. దాని శిల్పాన్ని గురించి పరిశోధక వ్యాసం చదివిన సినిమా రచయితలు ఎందరో నేను అడగను.

ఉర్దూ సంగతి విడిగా చెప్పుకోవాలి. అత్రాఫ్-ఎ-బల్దా భూముల కథ ప్రధానంగా ఉర్దూ, పారశీక కాగితాల్లో ఉంది. కాగితాలు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి. వాటిమీద చర్చ ఉర్దూ పత్రికల్లో నడిచింది. మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూ 1938నుంచి సబ్‌రస్ పత్రిక వెలువరించింది. హైదరాబాదునుంచే 1927లో ఇంగ్లీషులో ఇస్లామిక్ కల్చర్ మొదలయింది; దానికి తొలి సంపాదకుడు ఖురానును ఇంగ్లీషులోకి అనువదించిన పిక్తాల్. తెలుగు రచయితలు ఈ వైపు తొంగి చూడలేదు. నిజాం మీది న్యాయమైన కోపం ఉర్దూ మీదికి మళ్ళింది. మఖ్దూం మొహియుద్దీన్ రాసిన భాష అదేనన్నది మరిచాం. అబ్దుస్సమద్ ఖాన్ అనే పాఠకుడు జీవితమంతా కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికల భాండారం తరవాత బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరింది. 2000 ఆగస్టులో వచ్చిన వరదలో నీళ్ళు దానిమీదికి వచ్చాయి. తడిసిన సంచికలను ఒక్కొక్క కాగితంగా ఆరబెట్టి, మిగిలినంత మిగుల్చుకోవలసి వచ్చింది. కమ్యూనిస్టు నాయకుడి పేర ఉన్న సంస్థలో ఉర్దూ పత్రికలు ఉండటం మన సంప్రదాయానికి తగినదే. వాటిని చదవగల తెలుగు కథకుడు లేకపోవడమే మన వెలితి.

ఇప్పుడు ఏ పఠన మందిరంలోకి వెళ్ళినా కుర్చీలన్నీ నిండి ఉంటాయి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ముందు పొద్దున్నే వరుస కడతారు. నిండినవాళ్ళు ఉద్యోగ పరీక్షలకు చదివే యువతీయువకులు. వాళ్ళ చేతుల్లో ఉన్నది కూడా ఒక రకం చరిత్ర పత్రికే, పోటీపరీక్షల మాసపత్రిక. రాష్ట్రం ఏర్పడ్డాక గ్రూప్ పరీక్షల్లో తెలంగాణ ఉద్యమ చరిత్ర ఒక పెద్ద భాగమయింది. దానివల్ల ఆంధ్ర జనసంఘం ఎప్పుడు పుట్టిందో, నీలగిరి పత్రిక సంపాదకుడెవరో ఇవాళ లక్షలమందికి నోటికి వచ్చు. దీన్ని తేలిగ్గా కొట్టెయ్యడం సులభం. నేను కొట్టెయ్యను. నిరుద్యోగం తరుముతున్నవాడు ఏది చదివినా చదువే. అయితే నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టే పద్ధతిలో జనసంఘం ఎందుకు పుట్టింది, ఎవరిని కలుపుకుంది, ఎవరిని బయట ఉంచింది అనే ప్రశ్నకు గడి లేదు. ఆ కుర్చీలో కూర్చున్న పిల్లకు పది గజాల దూరంలోనే పాత సంపుటాలు బీరువాలో ఉండవచ్చు. మధ్యలో తాళం ఉంది. సూచిక లేదు, చూపించే మనిషి లేడు, పోస్టులు ఖాళీగా ఉన్నాయి.

డబ్బు లేదని మాత్రం చెప్పడానికి వీల్లేదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. విమానాశ్రయం వచ్చాక ఆ చుట్టుపక్కల లేచిన మేడలు, గోదాములు, హోటళ్ళ మీద వచ్చే పన్ను ఎంతో ఊహించుకోవచ్చు. దానిలో భాగం చట్టరీత్యా పుస్తకాలది, పత్రికలది. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు జమ చేయవన్నది పాత ఫిర్యాదు. అది ఇంకా తీరలేదు. రచయితల సంఘాలు బహుమతుల గురించి, సభల గురించి తీర్మానాలు చేస్తాయి. ఈ సెస్సు గురించి ఎన్ని చేశాయి?

పాత పత్రికలు కంప్యూటరులోకి ఎక్కుతున్నాయి కదా అంటారు. కొన్ని ఎక్కాయి. ప్రెస్ అకాడమీ చాలా పాత తెలుగు పత్రికలను ఛాయాచిత్రాలుగా అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అది మేలైన పని. అయితే ఎక్కించినవాడు దేన్ని విలువైనదనుకున్నాడో అదే ఎక్కింది. విమానాశ్రయం కోసం భూములు పోయిన కథనే తీసుకోండి. అది ఏ పరిశోధక పత్రికలోకన్నా ముందు దినపత్రికల జిల్లా పేజీల్లో అచ్చయింది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక తక్కినవీ ఆ దారి పట్టాయి. పరిహారం ఎంత, ఎవరికందింది, కౌలుదారుకు ఏమైనా దక్కిందా, ఏ ఊరివాళ్ళు రోడ్డుమీద కూర్చున్నారు అన్న సంగతులు రంగారెడ్డి జిల్లా పేజీల్లో వచ్చేవే తప్ప రాష్ట్రమంతటికీ వెళ్ళే మొదటి పేజీలోకి రావడం అరుదు. గ్రంథాలయాలు బైండు చేసేటప్పుడు ప్రధాన పత్రికను ఉంచుకుని జిల్లా అనుబంధాన్ని పాత కాగితాలతో కలిపి తూకానికి వేసేస్తుంటాయి. శంషాబాదులోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ 2000నుంచి 2008దాకా వచ్చిన ఆ నాలుగు పేజీల కాగితాలు ఇంకా ఎవరి ఇంటి అటకమీదనైనా, ఏ విలేకరి ట్రంకుపెట్టెలోనైనా మిగిలి ఉండవచ్చు. ఆ ప్రాంతపు యువ రచయితలు నవల మొదలుపెట్టే ముందు వాటిని పోగుచేసి, తేదీల వారీగా కుట్టి, దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి రసీదు తీసుకుని అప్పగించాలి. కాపీ ఒకటి తమ దగ్గర ఉంచుకోవాలి.